మొరంలో రేగడి కలిస్తే: కలిసిన మట్టి ఎట్లా జారుతుంది, దాని బలం ఎట్లా కొలవాలి

నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, ఎటు పోయి గుంత తవ్వినా మన దగ్గర శుద్ధమైన ఇసుకా దొరకదు, శుద్ధమైన బంకమట్టీ దొరకదు. పైన మూరెడు ఎర్ర చల్క, దాని కింద గ్రానైటు రాయి చివికి అయిన మొరం, పల్లానికి పోతే నల్ల రేగడి, చెరువులో దిగితే పూడిక ఒండ్రు. కట్ట పోసినా, రోడ్డు ఎత్తు పెంచినా, బేస్‌మెంట్ నింపినా ట్రాక్టర్లో వచ్చేది ఈ నాలుగూ కలిసిన మట్టే. కాలేజీలో మనం చదివింది మాత్రం ఇసుక ఒక చాప్టర్, బంకమట్టి ఇంకో చాప్టర్. అందుకే చాలామంది కొత్త ఇంజనీర్లు, చిన్న కాంట్రాక్టర్లు సాయిల్ రిపోర్ట్ చేతికి రాగానే "ఫై 32 ఉంది, సి 25 ఉంది, మంచిదే కదా సార్" అని అడుగుతారు. ఫై అంటే మట్టి రాపిడి కోణం, డిగ్రీల్లో; సి అంటే మీద బరువు లేకపోయినా మట్టికి ఉండే పట్టు, కిలోపాస్కల్స్‌లో. ఆ రెండు అంకెలు ఎట్లా వచ్చాయో తెలియకుండా మంచిదో చెడ్డదో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు.

నేను పదేపదే చెప్పేది ఒకటే. కలిసిన మట్టిని చూసినప్పుడు ముందు అడగాల్సింది ఫై ఎంత అని కాదు, ఇందులో బరువు మోస్తున్నది ఎవరు అని. ముతక గింజలు ఒకదానికొకటి ఆనుకొని మోస్తున్నాయా, లేక సన్న మట్టి మోస్తుంటే ముతక గింజలు దాంట్లో ఊరికే ఇరుక్కొని ఉన్నాయా? ఇది తేలితే ఏ టెస్ట్ చేయాలి, ఎంత నెమ్మదిగా చేయాలి, వచ్చిన అంకెను ఎంత నమ్మాలి అన్నవి దాని వెంటే తేలుతాయి.

ఒక గోనె సంచిలో మక్కజొన్న గింజలు నింపి మీద కొంచెం పిండి పోశారనుకోండి. పిండి గింజల సందుల్లోకి జారిపోతుంది, సంచి మీద నిలబడితే మిమ్మల్ని మోసేది గింజలే. ఇప్పుడు మలీద ముద్ద తీసుకోండి, అందులో పల్లీ పలుకులు ఉంటాయి, కానీ ముద్దను నొక్కితే అణిగేది మలీదే, పలుకులు దాంతో పాటు కదులుతాయి తప్ప ఆపవు. మట్టిలో కూడా ఇంతే. షియర్ అంటే ఒక పొర మీద ఇంకో పొర జారడం. మొదటి రకం మట్టిలో పొర జారాలంటే గింజ మీదికి గింజ ఎక్కి దాటాలి, రెండో రకంలో గింజల మధ్య ఉన్న మెత్తటి మట్టిలోంచి జారితే చాలు.

ఒక రకం నుంచి ఇంకో రకానికి మారే చోటు చాలా మట్టుల్లో సన్నం పాలు 20 నుంచి 35 శాతం మధ్య ఉంటుంది. సన్నం అంటే నేను ఇక్కడ 75 మైక్రాన్ల జల్లెడ దిగిపోయేదంతా అంటున్నా. ఈ మార్పు గీత గీసినట్టు ఒకచోట జరగదు, ముతక గింజల సైజు, ఆకారం, సన్నం రకం, దిమ్మిస కొట్టిన తీరు, అన్నిటినీ బట్టి అటూ ఇటూ జరుగుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన ఐఎస్ 1498 (మట్టికి పేర్లు పెట్టే భారత ప్రమాణం) ప్రకారం సగానికి మించి 75 మైక్రాన్ల జల్లెడ దిగితేనే అది సన్న మట్టి, లేకపోతే ముతక మట్టే. అంటే 40 శాతం రేగడి సన్నం ఉన్న మట్టికి కూడా రిపోర్ట్‌లో "ఎస్‌సి", బంక కలిసిన ఇసుక, అని పేరు రాస్తారు. ఆ పేరులో ఇసుక ఉందని చూసి ఇసుకకు వేసుకునే ఫై వేసుకుంటే మోసపోతాం, ఎందుకంటే ఆ మట్టి జారేటప్పుడు బంకమట్టి లాగే జారుతుంది. తప్పు కోడ్‌ది కాదు. అది పేరు పెట్టడానికి ఉంది, బలం చెప్పడానికి కాదు.

ముందు చేత్తో చూడండి

ల్యాబ్‌కు పంపే ముందు గుంత దగ్గరే పావు గంట కూర్చుంటే సగం సంగతి తెలుస్తుంది. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా మట్టి పనికి వాళ్లే పోయేవాళ్లు, ఆ తరం పెద్దమనిషి ఒకాయన నాతో ఒక సైట్‌లో పని చేశాడు. పార మీద మట్టి తీసి, చిటికెడు నోట్లో వేసుకొని ముందు పళ్లతో కొరికేవాడు. "కరకర అంటే దుబ్బ సార్, జిడ్డుగ అంటుకుంటే రేగడి" అనేవాడు. మీరు నోట్లో వేసుకోవాల్సిన పని లేదు, తడిపి రెండు వేళ్ల మధ్య చెవి దగ్గర పెట్టి రుద్దినా ఆ కరకర వినిపిస్తుంది.

తర్వాత చేయాల్సింది ముద్ద ఊపడం. ముతక గింజలు ఏరేసి, మిగిలిన సన్న మట్టిని నిమ్మకాయంత ముద్ద చేయండి, మెత్తగా ఉండాలి కానీ చేతికి కారకూడదు. అరచేతిలో పరిచి, ఇంకో చేత్తో ఆ చేతి పక్కన టపటపా కొట్టండి. మట్టిలో సిల్ట్ (ఇసుక కంటే సన్నగా ఉండి జిడ్డు లేని పొడి), సన్న ఇసుక ఎక్కువుంటే పది దెబ్బల్లోనే పైన నీళ్లు తేలి అద్దంలా మెరుస్తుంది. అప్పుడు వేళ్లు ముడిచి ముద్దను పిసకండి, ఆ మెరుపు ఒక్కసారిగా మాయమై పైభాగం పొడిబారినట్టు మసకగా అయిపోతుంది. బంకమట్టి అయితే ఎంత కొట్టినా మెరవదు, పిసికినా మారదు. ఇది చిన్నపిల్లల ఆట కాదు, మీ అరచేతిలోనే షియర్ టెస్ట్ జరిగింది. కొట్టినప్పుడు గింజలు దగ్గరికి జరిగి నీళ్లను బయటికి తోశాయి, పిసికినప్పుడు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడానికి ఎడం జరిగి ఆ నీళ్లను లోపలికి పీల్చుకున్నాయి. 1885లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీన్నే డైలేటెన్సీ అన్నాడు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర తడి ఇసుక మీద అడుగు వేస్తే పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం ఆరినట్టు తెల్లబడుతుంది చూడండి, అదీ ఇదే.

ముద్ద అయ్యాక తాడు పేనండి. 3 మి.మీ. మందం వరకు విరగకుండా పేనగలిగితే, మళ్లీ ముద్ద చేసి మళ్లీ పేనగలిగితే ఆ సన్నంలో బంక బాగా ఉంది. రెండోసారికే పొడి అయిపోతే అది ఎక్కువగా సిల్టే. ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే 15 శాతం క్రషర్ డస్ట్ కలిసిన ఇసుకా, 15 శాతం రేగడి కలిసిన ఇసుకా జల్లెడ లెక్కలో ఒకటే కనిపిస్తాయి కానీ షియర్‌లో అవి రెండు వేరే మట్టులు.

సీసా పరీక్ష కూడా చేయండి, ఖర్చు లేదు. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు కాకుండా చిటికెడు బట్టల సబ్బు పొడి (ఉప్పు వేస్తే బంక గడ్డలు కట్టి తొందరగా కూర్చుంటుంది, లెక్క తప్పుతుంది) వేసి బాగా ఊపి పెట్టేయండి. పది సెంటీమీటర్ల నీళ్లలో ఇసుక అర నిమిషంలో అడుగుకు చేరుతుంది, 2 మైక్రాన్ల బంక రేణువుకు అంతే దూరం దిగడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. సాయంత్రం పెట్టి పొద్దున చూస్తే పొరలు వేరువేరుగా కనిపిస్తాయి. నీళ్లు అప్పటికీ మబ్బుగానే ఉంటే బంక ఉన్నట్టే లెక్క.

కడిగి తూచండి, పొడి జల్లెడను నమ్మొద్దు

మన మట్టితో ఎక్కువ జరిగే పొరపాటు ఇదే. ఎండిన రేగడి గడ్డ రాయిలా ఉంటుంది, పొడి మట్టిని జల్లెడ పడితే ఆ గడ్డలు ఇసుక లాగా, గులకరాయి లాగా పైనే ఆగిపోతాయి. చల్కలో కూడా ఎర్ర బంక ఇసుక గింజకు పూత పట్టినట్టు అంటుకొని ఉంటుంది. పొడిగా పడితే 9 శాతం అని వచ్చిన సన్నం కడిగితే 24 శాతం కావడం నేను కళ్లారా చూశా. కాబట్టి సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ (బంక గడ్డలను విడదీసే మందు) కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున 75 మైక్రాన్ల జల్లెడ మీద పోసి, కిందికి దిగే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. మొదట పాల టీ రంగులో, తర్వాత పలచటి ఎరుపులో, చివరికి తాగే నీళ్లలా దిగుతాయి. సగంలో ఆపేస్తే మీ మట్టి మీకు అబద్ధం చెప్తుంది. మిగిలింది ఆరబెట్టి తూయండి. 1000 గ్రాములు వేస్తే 780 మిగిలింది, అంటే సన్నం 22 శాతం. ఐఎస్ 2720 (మట్టి పరీక్షల కోడ్, ఇక ముందు పార్ట్ అంటే దీనివే) పార్ట్ 4 పద్ధతి ఇదే, దానితో పాటే సన్నానికి పార్ట్ 5 ప్రకారం లిక్విడ్ లిమిట్, ప్లాస్టిక్ లిమిట్ (ఎంత తేమకు మట్టి కారుతుంది, ఎంత తేమకు తాడు విరుగుతుంది), రేగడి అనుమానం ఉంటే పార్ట్ 40 ప్రకారం ఫ్రీ స్వెల్ (నీళ్లలో ఎంత ఉబ్బుతుంది) కూడా చేయించండి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. దీన్ని చాలా రిపోర్టుల్లో వేయరు, కానీ నాకు దీనంత ఉపయోగపడ్డ లెక్క ఇంకోటి లేదు. సన్న మట్టి బరువు మోయడం లేదనుకోండి, అంటే అది కూడా ఖాళీ కిందే లెక్క. అప్పుడు ముతక గింజలకు మాత్రమే ఉన్న వాయిడ్ రేషియో (ఖాళీల ఘనపరిమాణాన్ని రేణువుల ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే అంకె) ఎంత? మామూలు వాయిడ్ రేషియోకు సన్నం పాలు (22 శాతం అంటే 0.22) కలపండి, వచ్చినదాన్ని ఒకటిలోంచి సన్నం పాలు తీసేస్తే మిగిలే అంకెతో భాగించండి. అంతే.

మన మట్టికే వేద్దాం. పొడి సాంద్రత సీసీకి 1.80 గ్రాములు, రేణువుల స్పెసిఫిక్ గ్రావిటీ (నీళ్ల కంటే ఎన్ని రెట్లు బరువు) 2.67. 2.67ను 1.80తో భాగించి ఒకటి తీసేస్తే మామూలు వాయిడ్ రేషియో 0.48. దానికి 0.22 కలిపి 0.78తో భాగిస్తే 0.90. ఇప్పుడు కడగగా మిగిలిన ముతక భాగాన్ని ఎండబెట్టి, గరాటుతో వదులుగా మౌల్డ్‌లో పోసి (పార్ట్ 14లో ఉంది) దాని అత్యధిక వాయిడ్ రేషియో చూశాం, 0.82 వచ్చిందనుకోండి. మన 0.90 అంతకంటే ఎక్కువ. అంటే ముతక గింజలు ఎంత వదులుగా పోసినా ఉండగలిగే దూరం కంటే ఇంకా ఎడంగా ఉన్నాయి, ఒకదానికొకటి సరిగా తగలడం లేదు, సన్నంలో తేలుతున్నాయి. 22 శాతమే కదా, ఇసుకే కదా అనుకున్న మట్టి ఇది.

అదే మట్టిని రోలర్ బాగా తిప్పి 1.95కు తెస్తే? వాయిడ్ రేషియో 0.37, లెక్క వేస్తే 0.76 వస్తుంది, 0.82 కంటే తక్కువ. ఇప్పుడు గింజలు ఆనుకున్నాయి. మట్టి మారలేదు, లారీ మారలేదు, నాలుగు పాస్‌లు ఎక్కువ తిప్పడంతో బరువు మోసేవాళ్లు మారిపోయారు. సైట్‌లో రోలర్ డ్రైవర్ మీద నేను అంత పట్టుబట్టేది ఇందుకే. అయితే సన్నం 35 శాతం ఉంటే అదే 1.95 దగ్గర కూడా లెక్క 1.1 దాటుతుంది, అప్పుడు ఎన్ని పాస్‌లు తిప్పినా అది బంకమట్టి లాగే ప్రవర్తిస్తుంది, అట్లాగే డిజైన్ చేసుకోవాలి. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, సన్నం అసలేమీ మోయదని అనుకున్నాం కదా, నిజానికి మధ్య శాతాల్లో అది కొంత మోస్తుంది. కాబట్టి దీన్ని తీర్పులా కాదు, హెచ్చరికలా వాడుకోండి.

షియర్ బాక్స్ దగ్గర

మన జిల్లాల్లో ఎక్కువగా చేసేది డైరెక్ట్ షియర్, పార్ట్ 13. రెండు సగాల పెట్టెలో మట్టి పెట్టి, మీద బరువు వేసి, ఒక సగాన్ని పక్కకు జరపడమే ఇది. పెట్టె 60 మి.మీ. చదరం, మట్టి మందం 25 మి.మీ. దాకా. దీంట్లో 4.75 మి.మీ. మించిన గింజ వేయకూడదు. మొరంలో మరి గరుసు రాళ్లు ఉంటాయి కదా, ఏం చేస్తారు? ఏరి పారేసి మిగిలింది పెట్టెలో వేస్తారు. ఇక్కడ జరిగే మార్పు ఎవరూ గమనించరు. మట్టిలో 30 శాతం గరుసు, 18 శాతం సన్నం ఉందనుకోండి. గరుసు తీసేస్తే మిగిలిన 70 పాళ్లలో 18, అంటే దాదాపు 26 శాతం సన్నం అయింది. సైట్‌లో ముతక గింజలు మోసే మట్టి, పెట్టెలో తేలే మట్టి అయిపోయింది. గరుసు అంత ఉన్నప్పుడు 300 మి.మీ. పెద్ద పెట్టె టెస్ట్ (పార్ట్ 39) అడగండి, దొరక్కపోతే కనీసం ఎంత తీసేశారో రిపోర్ట్‌లో రాయించండి.

శాంపిల్ తయారీలో మూడు విషయాలు చూడాలి. సైట్‌లో ఏ సాంద్రతకు, ఏ తేమకు కొడతారో అదే సాంద్రత, అదే తేమ ఉండాలి. రేగడి గడ్డలు పూర్తిగా విడిపోవాలి, నీళ్లు కలిపాక ఒక రాత్రి మూతపెట్టి ఉంచితేనే తడి గడ్డ లోపలికి దిగుతుంది. పెట్టెలో పెట్టి బరువు వేశాక నీళ్లు పోసి నానబెట్టాలి, బరువు కింద మట్టి కుదురుకోవడం పూర్తయ్యేదాకా నిలువు డయల్ (మట్టి ఎంత దిగిందో, లేచిందో చూపేది) చూస్తూ ఆగాలి.

తర్వాత వేగం. చాలా ల్యాబుల్లో మెషిన్ గేర్ నిమిషానికి 1.25 మి.మీ. దగ్గర పెట్టి ఉంటుంది, ఏ మట్టి వచ్చినా అదే. కడిగిన ఇసుకకు పరవాలేదు. బంక కలిసిన మట్టికి ఇది తప్పు, నాలుగైదు నిమిషాల్లో టెస్ట్ అయిపోతుంది, లోపలి నీటి ఒత్తిడి బయటికి పోయే టైమ్ ఉండదు, పెట్టెలో దాన్ని కొలిచే దారీ లేదు. వచ్చేది పూర్తిగా డ్రెయిన్డ్ (నీళ్లు బయటికి పోయాక ఉండే బలం) కాదు, పూర్తిగా అన్‌డ్రెయిన్డ్ (నీళ్లు పోకుండా ఉండే బలం) కాదు, ఏ డిజైన్‌కూ పనికిరాని నడిమధ్య అంకె. పద్ధతి ఏమిటంటే, బరువు వేశాక మట్టి కుదురుకునే వక్రరేఖ నుంచి సగం కుదురుకోవడానికి పట్టిన టైమ్ తీసుకొని దాన్ని 50తో గుణించాలి. జారిపోవడానికి కనీసం అంత టైమ్ ఇవ్వాలి. సగానికి 4 నిమిషాలు పడితే 200 నిమిషాలు. 5 మి.మీ. జరిగేసరికి జారుతుందనుకుంటే వేగం నిమిషానికి 0.025 మి.మీ. అంటే 1.25లో యాభయ్యో వంతు. ల్యాబ్ వాళ్లకు ఒక శాంపిల్‌కు పూట పడుతుంది, డబ్బు ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి.

టెస్ట్ నడుస్తుంటే అందరూ ప్రూవింగ్ రింగ్ (జరపడానికి పడుతున్న బలం చూపేది) వైపే చూస్తారు. మీరు నిలువు డయల్ చూడండి. ముతక గింజలు ఆనుకొని, గట్టిగా కొట్టిన మట్టి అయితే ముల్లు మొదట కొంచెం కిందికి దిగి, తర్వాత పైకి లేస్తుంది, అంటే గింజ మీదికి గింజ ఎక్కుతోంది. బలం ఒక శిఖరానికి చేరి తర్వాత తగ్గుతుంది. వదులు మట్టి, తేలే మట్టి అయితే ముల్లు దిగుతూనే ఉంటుంది, శిఖరం ఉండదు, బలం నెమ్మదిగా పెరిగి ఒకచోట నిలబడుతుంది. ఒకే మట్టిని ఒకసారి గట్టిగా కొట్టి, ఒకసారి వదులుగా పెట్టి, ఒకే బరువు కింద చాలా దూరం జరిపితే రెండూ ఇంచుమించు ఒకే బలం దగ్గరికి వస్తాయి, 1958లో మట్టి శాస్త్రవేత్తలు రోస్కో, స్కోఫీల్డ్, రోత్ క్రిటికల్ స్టేట్ అని రాసింది ఆ చోటునే. పైకి లేచే మట్టి నీళ్లను లోపలికి పీలుస్తుంది, దిగే మట్టి నీళ్లను బయటికి తోస్తుంది, ఆ నీళ్లకు దారి లేకపోతే ఒత్తిడి పెరిగి బలం పడిపోతుంది. మీ మట్టి ఏ జాతిదో ఆ చిన్న ముల్లు చెప్తుంది. రిపోర్ట్‌లో నిలువు డయల్ రీడింగులు లేకపోతే అడిగి తీసుకోండి.

రేగడి పాలు ఎక్కువున్న చోట, ముఖ్యంగా పాత జారుడు ఉన్న చోట, శిఖరం బలాన్ని నమ్మొద్దు. బంక రేణువులు పలకల్లాంటివి. ఒకే చోట బాగా జారితే అన్నీ ఒకే దిక్కుకు పడుకొని ఆ ఉపరితలం నున్నగా, గోరుతో గీస్తే మెరిసేలా తయారవుతుంది. 2 మైక్రాన్ల లోపు బంక పాలు పాతిక శాతం కంటే తక్కువుంటే ఇది జరగదని, సగం దాటితే పూర్తిగా జరుగుతుందని, మధ్యలో రెండూ కలిసి ఉంటాయని బ్రిటిష్ మట్టి శాస్త్రవేత్త స్కెంప్టన్ 1985లో రాశాడు. ఇక్కడ 2 మైక్రాన్లు, పైన చెప్పిన సన్నం 75 మైక్రాన్లు, రెండింటినీ కలిపేయకండి, 2 మైక్రాన్ల పాలు తెలియడానికి హైడ్రోమీటర్ టెస్ట్ (రేణువులు నీళ్లలో దిగే తీరు చూసేది) వేరే కావాలి. ఉపరితలం అట్లా నున్నబడ్డాక మిగిలే బలం తెలియాలంటే పెట్టెను ముందుకీ వెనక్కీ చాలాసార్లు నడిపించాలి.

ఇక బరువులు. ల్యాబ్‌లో అలవాటుగా 100, 200, 300 కిలోపాస్కల్స్ వేస్తారు. మీ చెరువు కట్ట ఎత్తు 5 మీటర్లు, దాని అడుగున మట్టి బరువే 100 దగ్గర. అసలు మట్టి బలం గీత తిన్నగా ఉండదు, కొంచెం వంగి ఉంటుంది. పెద్ద బరువుల దగ్గర చుక్కలు పెట్టి స్కేలుతో తిన్నగా వెనక్కి లాగితే లేని సి పుట్టుకొస్తుంది. అది ఎంత మోసం చేస్తుందో చూడండి: జారే చోట ఒకటిన్నర మీటర్ల లోతులో నిలువు ఒత్తిడి 30 ఉందనుకుంటే ఫై 30 డిగ్రీలకు వచ్చే బలం 17 కిలోపాస్కల్స్. రిపోర్ట్‌లో సి 25 అని ఉంటే మీ కట్ట నిలబడేది సగం కంటే ఎక్కువ ఆ పుట్టించిన అంకె మీదే. కాబట్టి చిన్న కట్టకు 25, 50, 100 వేయమనండి.

నీళ్ల సంగతి

కలిసిన మట్టిలో సన్నం పెరిగే కొద్దీ బలం కంటే ముందు నీరు పారే గుణం మారుతుంది. ఇసుకలో బంక పది శాతం కూడా దాటకముందే నీరు ఇంకే వేగం ఎన్నో రెట్లు పడిపోతుంది, ఫై మాత్రం ఇంకా ఇసుకదే ఉంటుంది. అంటే టెస్ట్‌లో ఇసుక బలం చూపించిన మట్టి, సైట్‌లో నీళ్లు బయటికి పోక బంకమట్టి లాగా ఇబ్బంది పెట్టొచ్చు. చెరువు కట్ట లోపలి వాలు నిండు నీళ్లప్పుడు బాగానే ఉండి, తూము ఎత్తి తొందరగా ఖాళీ చేసినప్పుడు జారడం ఇందుకే. బయట నీళ్ల ఆసరా పోయింది, మట్టి లోపలి నీళ్లు ఇంకా దిగలేదు. ఇట్లాంటి చోటికి నీటి ఒత్తిడి కొలుస్తూ చేసే ట్రైయాక్సియల్ టెస్ట్ (మట్టి స్తంభాన్ని చుట్టూ నీళ్లతో ఒత్తుతూ పైనుంచి నొక్కేది, పార్ట్ 12) తప్ప వేరే దారి లేదు. హార్టింగ్‌లో (కట్ట నడుమ) బంక కలిసిన మట్టి, కేసింగ్‌లో (బయటి పొరలో) నీళ్లు పోనిచ్చే మొరం అని ఇరిగేషన్ వాళ్లు విడగొట్టి పోసేది కూడా ఇందుకే, ఆ రెండింటినీ కలిపి పోస్తే రెండు లాభాలూ పోతాయి. చెరువు పూడిక మట్టి చేనుకు బంగారం, కట్ట వాలు మీద మాత్రం వేయొద్దు.

ఎండాకాలం సంగతి ఇంకో రకం. మే నెలలో మన చల్క మట్టిలో పలుగు దిగదు, రెండున్నర మీటర్ల కందకం గోడ తీసినట్టు నిలువుగా నిలబడుతుంది. ఆ బలం మట్టిది కాదు, గింజల మధ్య మిగిలిన కొంచెం తేమ గింజలను పట్టి లాగుతున్న బలం. వాన పడి తడిస్తే ఆ పట్టు వదిలిపోతుంది. దేవరకొండ వైపు ఒక పైప్‌లైన్ పనిలో నేను చూశా. నెల రోజులు నిలబడ్డ కందకం, జూన్ మొదటి వాన పడ్డ మర్నాడు ఎండ కాస్తుండగానే, మధ్యాహ్నం అందరూ చెట్టు కింద అన్నం తింటుండగా పది మీటర్ల పొడవున కూలింది. అందులో అప్పటిదాకా ముగ్గురు మనుషులు పైపు జాయింట్ చేస్తున్నారు. అన్నం టైమ్ కాకపోతే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. ఆ కందకానికి దన్ను పెట్టలేదు, "ఇంత గట్టి మట్టికి ఎందుకు సార్" అన్నారు, నేను కూడా గట్టిగా పట్టుబట్టలేదు. ఎండలో తీసిన శాంపిల్ అట్లాగే టెస్ట్ చేసి వచ్చిన సి మీద ఎప్పుడూ కందకం డిజైన్ చేయకండి. ఒకటిన్నర మీటరు దాటితే దన్ను పెట్టండి, లేదా వాలుగా తవ్వండి, తవ్విన మట్టి అంచు మీదే కుప్ప పోయకండి.

సైట్‌లో

రిపోర్ట్ అంతా సరిగా ఉన్నా, టెస్ట్ చేసిన మట్టే కట్ట మీదికి వస్తుందన్న గ్యారంటీ లేదు. మట్టి తవ్వే గుంత మీటరు లోతు దిగేసరికి చల్క అయిపోయి మొరం రావచ్చు, పక్కకు ఇరవై అడుగులు జరిగితే రేగడి పొర తగలొచ్చు. నేను చేసేది ఇది: రంగు మారినప్పుడల్లా, మారకపోయినా రోజుకు ఒకసారి, ఒక కిలో మట్టి కడిగి తూస్తా. డిజైన్ 18 శాతం మీద చేసి ఉంటే 22 దాటగానే ఆ గుంత ఆపి, పైన చెప్పిన వాయిడ్ రేషియో లెక్క ఆ రోజు సాంద్రతతో మళ్లీ వేస్తా. రెండు రకాలు కలపాల్సి వస్తే ట్రిప్పు ట్రిప్పుకు మార్చి పోసి రోలర్ తిప్పితే కలవవు, పొరలు పొరలుగా ఉంటాయి, జారేది ఆ రేగడి పొరలోనే. పలచగా పరిచి, నీళ్లు చల్లి, ట్రాక్టర్ గొర్రుతో అటూ ఇటూ దున్ని, పారతో నిలువునా కోసి చూస్తే రంగు చారలు కనిపించకూడదు. కనిపిస్తే ఇంకో సాలు దున్నించి, మళ్లీ కోసి చూసి, అప్పుడే రోలర్‌ను పిలవండి.